బురాంశ్ వేరు, సెమ్రూ వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో హిమాలయాల పూల మీద ఒక ఆర్టికల్ వేశారు కదా, చదివి ఊరుకుందాం అనుకున్నా కానీ దాన్ని మా బంధువులంతా ఫోటో తీసి వాట్సాప్‌లో నాకే పంపి నిజమేనా అని అడుగుతుంటే ఇంక రాయక తప్పలేదు. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు, ఉద్యోగం కోసం డెహ్రాడూన్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం, చార్‌ధామ్ సీజన్ మొదలైందంటే చుట్టాలు, వాళ్ల చుట్టాలు దిగుతూనే ఉంటారు, అందులో కాస్త నడవగలిగిన వాళ్లని చోప్తా అనే చోటికి తీసుకెళ్లి పైనున్న తుంగనాథ్ శివాలయానికి ఎక్కించే డ్యూటీ నాది. ఆ దారిలో ఏ మొక్క ఎక్కడ ఉంటుందో ఎప్పుడు పూస్తుందో అలా కొంత తెలిసింది, మిగతాది ఆసక్తి కొద్దీ చదువుకున్నది.

మీ హెడ్డింగ్ ఏంటంటే వేడి పెరిగిపోయి హిమాలయాల్లో రోడోడెండ్రాన్‌లు మూడు నెలలు ముందే పూసేస్తున్నాయి అని. పక్కన సగం పేజీ ఫోటో. ఫోటోలో ఉన్నది లేత ఊదా రంగు పూల పొద, దాని వెనక మంచు, ఇంకా వెనక తుంగనాథ్ గుడి. చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ మూడు నెలల లెక్క ఆ పొదది కాదండి, వేరే చెట్టుది. రెండూ రోడోడెండ్రాన్‌లే, అది చాలా రకాల మొక్కలకి కలిపి ఉన్న పేరు, కాదనను, కానీ ఒకటి చెట్టు ఒకటి పొద, ఒకటి కింద ఒకటి పైన, కింద చెట్టు విరగబూసి ఉన్న టైంకి పైన పొద ఇంకా మంచులోనే ఉంటుంది.

ఆ లెక్క బురాంశ్‌ది, అంటే రోడోడెండ్రాన్ అర్బోరియం. పెద్ద చెట్టు, ఎర్రటి పూలు, 1,500 మీటర్ల దగ్గర మొదలై దాదాపు 3,000 మీటర్ల దాకా ఓక్ అడవుల్లో ఉంటుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం ఇదే, నేపాల్ జాతీయ పుష్పం కూడా ఇదే. ముస్సోరీ, నైనిటాల్ వెళ్లొచ్చిన మనవాళ్లు చూసేది దీన్నే. ఊటీలో దొడ్డబెట్ట వైపు ఎర్రగా పూసే చెట్లు ఉంటాయి, అవి కూడా ఈ జాతివే, దక్షిణాదిలో నీలగిరులు, పశ్చిమ కనుమల్లో బాగా ఎత్తున్న కొండలు దాటితే ఇంకెక్కడా కనపడవు. ఇక్కడ మార్చి మధ్యలో, మన ఉగాదికి కాస్త అటూ ఇటూగా, ఫూల్ దేయీ అని పండగ వస్తుంది, పిల్లలు పొద్దున్నే పూలు కోసుకొచ్చి ఇంటింటి గడప మీద పెట్టి పాటలు పాడతారు, ఆ పూలల్లో బురాంశ్ ఉంటుంది. ఈ చెట్టు కొన్నేళ్లుగా జనవరిలోనే పూసేస్తోందని ఇక్కడి హిందీ పేపర్లు కూడా రాస్తుంటాయి, అందులో అబద్ధం ఏమీ లేదు.

ఇంక మీ ఫోటోలోది రోడోడెండ్రాన్ కాంపాన్యులాటమ్. గఢ్వాల్‌లో సెమ్రూ అంటారు, నేపాల్‌లో చిమాల్. దీన్ని చూడాలంటే ఎక్కాల్సిందే. చోప్తా సుమారు 2,700 మీటర్లు, అక్కడి నుంచి తుంగనాథ్ గుడికి మూడున్నర కిలోమీటర్ల రాళ్ల బాట, గుడి దాదాపు 3,680 మీటర్ల దగ్గర. మన ఆంధ్రాలో అన్నిటికంటే ఎత్తైన జిందగడ కొండ 1,700 మీటర్ల లోపే, అది కూడా గుర్తుపెట్టుకోండి. బాట మొదట్లో ఖర్సూ ఓక్ చెట్లు, ఫర్ చెట్లు, మధ్యలో పాత బురాంశ్‌లు కొన్ని ఉంటాయి, ఎక్కేకొద్దీ చెట్లు పొట్టి అవుతూ పలచబడుతూ 3,300 మీటర్లు వచ్చేసరికి దాదాపు ఆగిపోతాయి, ఆ పైన అంతా బుగ్యాల్ అనే గడ్డి మైదానం. ఆ రెండిటికీ మధ్యలో, అడవి అయిపోయి గడ్డి మొదలయ్యే చోట ఉండేది సెమ్రూ. ఒకటి రెండు పొదలు కాదు, దారి దిగి పక్కకి వెళ్దామంటే మనిషి దూరలేనంత గుబురుగా వాలు మీద ఒక పట్టీ కట్టేసి ఉంటుంది, కొన్ని పొదలు అయితే చెట్లు ఆగిన గీత దాటి గడ్డిలోకి కూడా వెళ్లిపోయాయి.

దాని కాండం చూస్తే అక్కడ బతకడం ఎంత కష్టమో అర్థమవుతుంది. నిటారుగా లేవదు, వాలు కిందికి పడుకుని ఆ తర్వాత పైకి తిరుగుతుంది, ఎందుకంటే ఏటా నెలల తరబడి మంచు దాని మీద కూర్చుని కిందికి తోస్తుంది. అలా మట్టికి ఆనిన కొమ్మ అక్కడే వేరు పోసుకోవడం కూడా ఈ జాతి పొదల్లో మామూలే, అందుకే పది పొదలు అనుకున్నవి తవ్వి చూస్తే ఒకటే అయ్యుండొచ్చు. ఆకులు పెద్దవి, దళసరివి, పైన ముదురు ఆకుపచ్చ, తిప్పి చూస్తే కింద తుప్పు రంగు నూగు. బురాంశ్ ఆకు కింద అయితే ఎక్కువగా వెండి రంగు ఉంటుంది. పూలు లేకపోయినా ఈ ఒక్క గుర్తుతో రెండిటినీ విడదీసి చెప్పొచ్చు, మీ రిపోర్టర్ గారికి పనికొస్తుందని రాస్తున్నా.

ఇప్పుడు అసలు సంగతి, సెమ్రూ క్యాలెండర్. మే నెలలో మనం చూసే పువ్వు ఆ ఏడాది తయారైంది కాదు, ముందటేడు వానాకాలంలోనే మొగ్గ కట్టేసింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ వెచ్చగా ఉండే నాలుగు నెలల్లోనే కొత్త రెమ్మ వెయ్యాలి, ఆకు ముదరాలి, కొమ్మ చివర వచ్చే ఏడాది పూల మొగ్గ పొలుసుల్లో భద్రంగా ముడుచుకోవాలి, అన్నీ ఆ గ్యాప్‌లోనే. అక్టోబర్ వచ్చేసరికి పని బంద్. తర్వాత చలి ముదిరితే ఆకులు రాలవు కానీ కిందికి వాలిపోయి చుట్టల్లాగా, అచ్చంగా మన లంక పొగాకు చుట్టల్లాగా సన్నగా చుట్టుకుపోతాయి. ఆకు గడ్డకట్టిన టైంలో మంచు మీద నుంచి కొట్టే ఎండ నేరుగా తగిలితే దాని లోపలి యంత్రాంగం పాడైపోతుంది, అందుకని ఎండ తగిలే వైశాల్యం తగ్గించుకుంటుంది అన్నమాట. పొగాకు అంటే గుర్తొచ్చింది, హిమాచల్ వైపు ఈ ఆకుని పొగాకుతో కలిపి నూరి ముక్కుపొడుంగా వాడేవాళ్లట, అక్కడ దీన్ని కశ్మీరీ పత్తా అంటారు.

మామూలుగా డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుంగనాథ్ మంచులో ఉంటుంది, గుడి మూసేసి స్వామిని కూడా కింద మక్కూమఠ్ అనే ఊళ్లోనే ఉంచుతారు. ఏప్రిల్‌లో మంచు అంచు పైకి జరుగుతూ పోతుంటే దాని వెనకాలే సెమ్రూ పూస్తూ పోతుంది. పట్టీ కింది అంచులో ఏప్రిల్ చివర మొదలైన పూత పైకి వెళ్లేసరికి మే దాటి జూన్‌లోకి కూడా పోతుంది, ఎందుకంటే ప్రతి 100 మీటర్లకి సుమారు అర డిగ్రీ చల్లబడుతుంది. ఉత్తరం వైపు వాలులో మంచు ఆలస్యంగా కరుగుతుంది కాబట్టి పూత కూడా ఆలస్యమే. మలుపు తిరగ్గానే అంతవరకు వాడిపోయిన పూలు చూసిన మనిషికి ఇంకా విచ్చని మొగ్గలు కనిపిస్తాయి, ఒకే రోజు, ఒకే ఎత్తు. మొగ్గ గులాబీ కలిసిన ఊదా, విచ్చుకున్నాక లేత ఊదా, ఎండ తినేకొద్దీ దాదాపు తెలుపు. గుత్తికి ఎనిమిది, పది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పూలు, గంట ఆకారం, పై రెక్క లోపల చుక్కలు ఉంటాయి, ఆ చుక్కలు తుమ్మెదలకి దారి చూపించడానికి. పుప్పొడి పొడిపొడిగా రాలదు, సన్నటి జిగురు దారాలతో కలిసి ఉంటుంది, నూగు తుమ్మెద లోపలికి దూరితే ఒక్క దెబ్బకి బోలెడు అంటుకుంటుంది. ఆ చలికి మామూలు తేనెటీగ బయటకి రాదు, ఒళ్లంతా నూగు ఉండి తన వేడి తనే పుట్టించుకునే ఈ తుమ్మెదలే దీనికి దిక్కు.

పూత అయ్యాక ఇంకో విషయం ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పువ్వు కొమ్మ చివర వస్తుంది కదా, అంటే పూసిన కొమ్మ ఇంక ముందుకి సాగదు, ఆ గుత్తి కింద పక్క మొగ్గల నుంచి కొత్త రెమ్మలు రావాలి. కాయలు కూడా ఆ రెమ్మలకి పక్కనే ఊరుతుంటాయి, రెండిటికీ తిండి ఒకే కొమ్మ నుంచి. బాగా పూసి కాయ నిలిచిన ఏడాది కొత్త రెమ్మలు బలంగా రావు, వచ్చినా వాటి చివర పూల మొగ్గ కట్టదు, ఆకు మొగ్గే కడుతుంది. కాబట్టి మరుసటి ఏడాది పూత పలచగా ఉంటుంది. మన మామిడి రైతుకి ఇది చెప్పక్కర్లేదు, ఒక ఏడు కాపు ఒక ఏడు ఖాళీ అనేది వాళ్లకి అలవాటే. కానీ టూరిస్టు ఒకసారి వచ్చి పలచటి పూత చూసి వెళ్లి హిమాలయాలు అయిపోయాయి అని పోస్టు పెడతాడు, పక్క ఏడాది వచ్చినవాడు కొండంతా పూలే చూసి అంతా బానే ఉంది అంటాడు. ఇద్దరి మాటా నమ్మడానికి లేదు.

ఇప్పుడు మీ మూడు నెలల దగ్గరికి వద్దాం. సెమ్రూ మేలో పూస్తుంది. మే నుంచి మూడు నెలలు వెనక్కి వెళ్తే ఫిబ్రవరి. ఫిబ్రవరిలో ఆ పట్టీ మొత్తం మంచులో ఉంటుంది, పొద కాదు కదా ఆ పక్కన ధాబా హోటల్ కూడా సగం కనపడదు. ఏ తుమ్మెద వస్తుందండి అక్కడికి? ఈ చిన్న లెక్క డెస్క్‌లో ఎవరో ఒకరు వేసుకుని ఉంటే ఆ హెడ్డింగ్ వచ్చేది కాదు.

ఆ అంకె ఎక్కడిదో నాకు తెలుసు. అల్మోరా దగ్గర కోసీ కటార్మల్‌లో గోవింద్ వల్లభ్ పంత్ పేరు మీద హిమాలయ పర్యావరణ సంస్థ ఉంది, అక్కడి వాళ్లు 2014లో ప్రచురించిన పేపర్‌లోది. హెర్బేరియంలలో ఎండబెట్టి దాచిన 1893 నుంచి 2003 దాకా నమూనాల తేదీలు, 2009 నుంచి 2011 దాకా అడవిలో స్వయంగా చూసిన తేదీలు కలిపి లెక్కగడితే వందేళ్లలో పూత 88 నుంచి 97 రోజులు ముందుకి జరిగిందని తేల్చారు. బురాంశ్‌కి మాత్రమే, అదీ మధ్య హిమాలయంలో. నా మటుకు నాకు ఆ అంకె కూడా కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే 1,500 మీటర్ల ఎత్తు తేడాలో పెరిగే చెట్టు కింద జనవరిలో పూస్తే పైన ఏప్రిల్‌లో పూస్తుంది, పాతకాలం వాళ్లు కొమ్మ ఎక్కడ కోశారు అన్నదాన్ని బట్టే నెలల తేడా వచ్చేస్తుంది. ముందుకి జరగడం అయితే నిజం, ఊళ్లో ముసలివాళ్లని అడిగినా అదే చెప్తారు. అయినా చెట్టుకి సరిపోయిన లెక్క తీసుకెళ్లి పొదకి తగిలించడం ఏంటి.

పై ఎత్తుల్లో ఏం జరుగుతోందో తెలియాలంటే ఇంకో పరిశోధన చూడాలి, అది మన దేశంది కాదు, చైనాలో యున్నాన్ రాష్ట్రంలో ఉన్న యూలాంగ్ అనే మంచు కొండది. ఒకే కొండ మీద 1884 నుంచి 2009 దాకా రకరకాల దేశాల వాళ్లు కోసి దాచిన రోడోడెండ్రాన్ నమూనాలు 10,000కి పైగా పోగేసి చూశారు, అది కూడా 2014లోనే వచ్చింది. అందులో తేలింది భలే ఉంటుంది. ఏడాది సగటు వేడి ఒక డిగ్రీ పెరిగితే పూత 2.27 రోజులు ముందుకి వచ్చింది. అదే శరదృతువులో, అంటే అక్టోబర్ ఆ టైంలో, వేడి ఒక డిగ్రీ పెరిగితే పూత 2.54 రోజులు వెనక్కి పోయింది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం మీద పెద్ద మార్పే కనపడలేదు. దీనికి కారణం ఏమనుకుంటున్నారంటే, మొగ్గ నిద్రపోవాలన్నా నిద్ర లేవాలన్నా దానికి తగినంత చలి తగలాలి, అక్టోబర్‌లో చలి ఆలస్యంగా మొదలైతే నిద్ర ఆలస్యం, కాబట్టి లేవడం కూడా ఆలస్యం. ఏడాది మొత్తం మీద వెచ్చబడితే తొందర, శరత్తు వెచ్చబడితే ఆలస్యం. పేపర్‌లో వేడి పెరిగింది పూలు తొందరపడ్డాయి అని ఒక్క లైన్‌లో రాసేస్తే సగం కథ ఎగిరిపోతుంది. మూడు నెలలు ఎక్కడ, రెండు రోజులు ఎక్కడ!

అలాగని సెమ్రూకి ఏ ప్రమాదమూ లేదని నేను అనట్లేదు. మంచు తక్కువ పడిన ఏడాది దీనికి కష్టమే, వినడానికి తేడాగా ఉంటుంది కానీ మంచు దానికి దుప్పటే, మంచు కింద ఉన్న మొగ్గకి సున్నా దగ్గర చలి, బయట ఉన్న మొగ్గకి అంతకంటే ఎన్నో డిగ్రీల కింద చలి. మార్చిలో తొందరపడి పొలుసు వదిలిన మొగ్గ ఏప్రిల్‌లో ఒక్క రాత్రి గడ్డకడితే నల్లబడిపోతుంది, ఆ కొమ్మకి ఆ ఏడు అంతే. తేదీలు మారడం కంటే నాకు దీని గురించే ఎక్కువ బెంగ.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి రెండో కారణం చెప్తా, తెలుగువాళ్లకి పనికొచ్చేది ఇదే. మీ ఆర్టికల్ చివర్లో ఈ పూలతో స్థానికులు జ్యూస్ చేసుకుంటారు, ఆరోగ్యానికి మంచిది అని వేశారు. పక్కన ఫోటో సెమ్రూది! జ్యూస్ చేసేది ఎర్ర బురాంశ్ రేకులతో, ఉఖీమఠ్ నుంచి గోపేశ్వర్ దాకా రోడ్డు పక్క షాపుల్లో సీసాలు పెట్టి అమ్మేది అదే. సెమ్రూ విషం. ఆకులో, పువ్వులో గ్రయానోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది, లోపలికి పోతే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, గుండె కొట్టుకునే వేగం తగ్గిపోవడం. నేపాల్‌లో కొండ చరియల మీద పట్టే తేనె ఒక్కో సీజన్‌లో మత్తెక్కిస్తుంది అంటారే అది కూడా రోడోడెండ్రాన్ పూల మకరందం వల్లే. పశువులు కూడా మేత బాగా కరువైతే తప్ప దాని జోలికి పోవు, తింటే జబ్బు పడతాయి, అంత మేపు ఉన్న చోట కూడా ఆ పొదలు అంత గుబురుగా ఎలా ఉన్నాయి అంటే ఇదొక కారణం.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. మా వదిన కింద షాపులో బురాంశ్ షర్బత్ తాగి బాగా నచ్చి, పైన సెమ్రూ కనపడగానే "ఇవీ అవే కదయ్యా, ఓ కవరు నిండా కోసుకుపోతే ఇంటికెళ్లి మనమే చేసుకోవచ్చు" అని మొదలుపెట్టింది, వద్దు వదినా ఇవి వేరే అని ఎంత చెప్పినా రంగు తేడా అంతే కదా అంటుంది. ఆఖరికి అక్కడ గుర్రం తోలే కుర్రాడు వచ్చి మాతాజీ ఇది తింటే మేకలే పడిపోతాయి అంటే అప్పుడు వదిలింది. ఆవిడ దగ్గర అయితే నేనున్నా, మీ పేపర్ పట్టుకుని బయల్దేరిన వాళ్ల దగ్గర ఎవరుంటారు? 60 దాటిన వాళ్లు, బీపీ మాత్రలు వేసుకునే వాళ్లు, గుండెకి స్టెంట్ వేయించుకున్న వాళ్లు ఎంతమంది వస్తున్నారో ఈ యాత్రకి! అంత ఎత్తులో అసలే ఊపిరి ఆడదు, దగ్గర్లో పెద్దాసుపత్రి కూడా లేదు.

తినకపోయినా కోయకండి. చుట్టూ అడవి చాలావరకు కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం, 1972లో కస్తూరి జింకల కోసం పెట్టింది, పర్మిషన్ లేకుండా అక్కడ కొమ్మ విరవడం నేరం. ఇంకోటి, చలిమంటకి అని సెమ్రూ కట్టెలు తెచ్చి పెట్టమని క్యాంపుల వాళ్లని అడిగే కుర్రాళ్లని చూశాను, మనవాళ్లు కూడా ఉన్నారు అందులో. ఆ మొక్క ఏడాదికి నాలుగు నెలలే పెరుగుతుంది, చేతి మణికట్టు లావు కాండానికి దశాబ్దాలు పట్టి ఉంటుంది, అది మీ పాటల ప్రోగ్రాంకి గంట కూడా రాదు.

కాబట్టి నేను అడిగేది ఏంటంటే, వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో కాకపోయినా కనపడేలా ఒక సవరణ వెయ్యండి. ఫోటోలోది సెమ్రూ అని, తినకూడదని, మూడు నెలల లెక్క బురాంశ్‌దని, ఈ మూడు మాటలు చాలు. ఇకముందు పూత గురించి వార్త వేసేటప్పుడు ఏ జాతి, ఎంత ఎత్తు, ఏ తేదీ అన్నది ఫోటో కిందే రాయండి, అవి లేకుండా పూత ముందొచ్చిందో వెనకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. తుంగనాథ్‌లో గఢ్వాల్ యూనివర్సిటీ వాళ్ల ఎత్తు ప్రాంతాల మొక్కల పరిశోధన కేంద్రం ఫీల్డ్ స్టేషన్ ఉంది, అక్కడ పనిచేసే వాళ్లకి ఒక ఫోన్ చేస్తే ఇదంతా నాకంటే బాగా చెప్తారు.

చూడాలనుకునే వాళ్లకి ఒక మాట. మార్చిలో వస్తే చోప్తా కింద బురాంశ్ దొరుకుతుంది, సెమ్రూ దొరకదు, గుడి కూడా మూసే ఉంటుంది. సెమ్రూ, స్వామి దర్శనం రెండూ కావాలంటే గుడి తలుపులు తీశాక మే మొదటి మూడు వారాల్లో రండి, పొద్దున్నే ఎక్కండి, మధ్యాహ్నం అయితే మబ్బు కమ్మేస్తుంది. చలికోటు తప్పనిసరి, మేలో కూడా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
డెహ్రాడూన్